ఆరిన సిగ్నల్ ఎవరికి చెప్పాలి?

వాది: అన్నా, చౌరస్తాలో సిగ్నల్ పాడైతే అది ఏ ఆఫీసు కిందికి వస్తుందో కనుక్కొని మరీ ఫిర్యాదు చేయాలనడం అన్యాయం. చెప్పడం మనిషి వంతు, చేరవలసిన చోటికి చేర్చడం సర్కారు వంతు. మన కోనరావుపేట మండలంలో ఉన్నవన్నీ గ్రామ పంచాయతీలే. జిల్లా మొత్తం మీద మున్సిపాలిటీలు రెండే, సిరిసిల్ల, వేములవాడ. మల్కపేట నుంచో మర్రిమడ్ల నుంచో ఆస్పత్రికి, కాలేజీకి, సాంచాల (మరమగ్గాల) మీద పనికి పట్నం పోయే మనిషి ఆ పట్నంలో ఓటరు కాడు, ఇంటిపన్ను కట్టేవాడు కాడు, అక్కడి కౌన్సిలర్ ఎవరో తెలిసి ఉండాల్సిన పనీ లేదు. అయినా వెలగని ఎర్రదీపం ముందు నుంచి పిల్లను వెనక కూర్చోబెట్టుకొని బండి మీద పోయేది ఆ మనిషే. పోనీ, ఆ దీపం ఎవరిదో తేల్చుకోవడం సులువా? 2016 అక్టోబరు 11 దాకా సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, కోనరావుపేట అన్నీ ఒక్క కరీంనగర్ జిల్లావే. ఇప్పుడు వేములవాడ నియోజకవర్గంలోనే కోనరావుపేట, చందుర్తి రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంటే, కథలాపూర్, మేడిపల్లి జగిత్యాల జిల్లాలో ఉన్నాయి. ఎమ్మెల్యే ఒక్కరే, కలెక్టర్లు ఇద్దరు. కోరుట్ల నడుమ నుంచి పోయే పెద్దరోడ్డు 63వ జాతీయ రహదారి. ఊరు మున్సిపాలిటీది, రోడ్డు జాతీయ రహదారుల వాళ్లది, బండ్లను ఆపేది వదిలేది పోలీసులు, కరెంటు ఎన్పీడీసీఎల్‌ది. అదే సిరిసిల్లకు వస్తే కరెంటు సహకార సంఘమైన సెస్‌ది. ఇదంతా చదువుకొని వచ్చి ఫిర్యాదు ఇవ్వమని ఒక బాటసారికి ఎలా చెబుతాం?

ప్రతివాది: చిక్కు నిజమే తమ్మీ. కాదనను. కానీ ‘ఎవరికైనా చెప్పు, వాళ్లే చూసుకుంటారు’ అన్న మాట ఎవరికి మేలు చేస్తుందో చూడు. తప్పించుకునేవాడికి అంతకు మించిన వీలు దొరకదు. పదిమంది చేతిలో పాము చావదంటారు కదా, అందరికీ అందిన ఫిర్యాదు గతీ అంతే. సిగ్నల్ పాడైందంటే ఏం పాడైందో కాస్త దగ్గరికి పోయి చూద్దాం. చౌరస్తా మూలన నిలబెట్టిన ఇనుప డబ్బాలో కంట్రోలర్ ఉంటుంది. ఏ వైపు ఎన్ని సెకన్లు వదలాలో చెప్పేది అదే. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోతే ముందు అనుమానించాల్సింది కరెంటును. ఫ్యూజు పోయిందా, మోరీ కోసమో పైపు కోసమో తవ్వినప్పుడు కేబుల్ తెగిందా అన్నది లైన్‌మన్ చూడాలి. మూడు దిక్కులా అన్నీ వెలుగుతూ ఒక్క దిక్కున ఎర్రది మాత్రమే వెలగకపోతే ఆ దీపం మార్చాలి, అది సిగ్నల్ నిర్వహణ కాంట్రాక్టు తీసుకున్నవాళ్ల పని. ఒకే వైపు పచ్చదీపం పడి ఎంతకీ మారకపోతే కంట్రోలర్ చూడాలి. పసుపుదీపం అదేపనిగా మినుకుమంటుంటే అసలు చెడిపోయి ఉండకపోవచ్చు. రద్దీ లేని వేళ కావాలనే అలా పెడతారు. ఒకదానికొకటి అడ్డొచ్చే వైపులకు ఒకేసారి పచ్చ పడే లోపం కంట్రోలర్ పసిగట్టినా తనంతట తానే అలా మారుతుంది. ఇన్ని రకాల లోపాలకు ఇన్ని చేతులు ఉన్నప్పుడు ‘సిగ్నల్ పనిచేయట్లేదు’ అని ఒక్క ముక్క గాలిలోకి వదిలితే అది ఆఫీసుల నడుమ తిరిగి తిరిగి ఎక్కడో ఒకచోట పడిపోతుంది. ఫలానా ఆఫీసు, ఫలానా అధికారి, ఫలానా తేదీ అని ఉంటేనే రేపు పోయి ‘ఏమైంది’ అని అడగగలం. సరైన గడప తెలుసుకోవడాన్ని బరువని నువ్వు అంటున్నావు. సామాన్యుడి చేతిలో ఉన్న పట్టు అదొక్కటే అని నేను అంటున్నాను.

వాది: మీరు చెప్పిన లోపాల పట్టీ విన్నాక నా మాట మీద నాకు ఇంకా నమ్మకం పెరిగింది. జ్వరం అని ఆస్పత్రికి పోయినవాణ్ని అది మలేరియానో టైఫాయిడో తేల్చుకొని రమ్మని ఏ డాక్టరూ అనడు. బస్టాండు వైపు నుంచి వచ్చేవాళ్లకు ఎర్రదీపం కనబడట్లేదు, పచ్చది వెలుగుతోంది, పొద్దున ఎనిమిదింటికి చూశాను. బాటసారి చెప్పగలిగింది అంతే, చెప్పాల్సిందీ అంతే. తర్వాతిది ఆఫీసు పని. ఇది నేను కొత్తగా కోరుతున్నదీ కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం 6(3) సెక్షన్ చూడండి. అడిగిన సమాచారం తమ దగ్గర లేకపోతే, ఉన్న ఆఫీసుకు ఐదు రోజుల్లోగా ఆ దరఖాస్తును వాళ్లే బదిలీ చేయాలి. ‘మాది కాదు, పో’ అనడానికి వీల్లేదు. పోలీసుల సంగతీ అంతే. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై ఘోరం జరిగిన రాత్రి, పరిధి పేరు చెప్పి కుటుంబాన్ని స్టేషన్ల చుట్టూ తిప్పారన్న ఆరోపణ మీద ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఆ తర్వాత జీరో ఎఫ్ఐఆర్ అన్న మాట తెలంగాణలో ఇంటింటికీ తెలిసింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్, నేరం ఏ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందేనని రాతపూర్వకంగా చెప్పింది. అంటే పరిధి పేరుతో మనిషిని తిప్పడం తప్పని చట్టం రెండుచోట్ల ఒప్పుకుంది. ప్రాణాలు పోయే చౌరస్తా దగ్గర మాత్రం ఆ నీతి ఎందుకు పనికిరాదు?

ప్రతివాది: పనికొస్తుంది. కానీ ఆ రెండూ ఎందుకు నిలబడ్డాయో కూడా చూడాలి. సమాచార హక్కు చట్టం ఐదు రోజుల్లో బదిలీ చేయమని ఊరకే అనలేదు. ప్రతి ఆఫీసులో పౌర సమాచార అధికారి అని ఒకరిని కూర్చోబెట్టింది. జవాబు ఇవ్వకపోతే రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల దాకా ఆ మనిషి జేబులోంచి కట్టించే వీలు 20వ సెక్షన్‌లో పెట్టింది. పేరు, గడువు, శిక్ష ఉన్నాయి కాబట్టే బదిలీకి విలువ వచ్చింది. నువ్వు చూపించిన ఉదాహరణే నా మాట చెబుతోంది. ఇంకొకటి కూడా ఉంది. అక్కడ బదిలీ అయ్యేది కాగితం, ఇక్కడ కావాల్సింది మరమ్మతు. దానికి ఎస్టిమేట్ వేయాలి, డబ్బు మంజూరు కావాలి, సామాను రావాలి. ఇక మోటారు వాహనాల చట్టానికి వద్దాం. 2019 సవరణతో 198ఎ అని ఒక సెక్షన్ చేర్చారు. రోడ్డు భద్రతా ప్రమాణాలను నిలబెట్టాల్సిన సంస్థ గాని కాంట్రాక్టరు గాని ఆ పని చేయకపోవడం వల్ల ఎవరైనా చనిపోతే, వికలాంగులైతే లక్ష రూపాయల దాకా జరిమానా. ఆ కేసులో కోర్టు చూడాల్సిన వాటిలో ఒకటి ఏమిటో తెలుసా? ఆ చోటు ప్రమాదకరంగా ఉందని ఆ సంస్థకు తెలుసా అన్నది. తెలుసని రుజువు చేసేది రసీదు ఉన్న ఫిర్యాదు. మున్సిపాలిటీ బాధ్యత ఉన్నచోట కరెంటాఫీసులో ఇచ్చిన కాగితం రేపు కోర్టులో ఎంతవరకు పనికొస్తుంది? వాళ్లకు చెప్పారు, మాకు చెప్పలేదు అంటారు. తప్పు గడపలో పడ్డ ఫిర్యాదుతో నష్టం ఒక్క ఆలస్యమే అయితే సర్దుకోవచ్చు తమ్మీ. అది దోషికి సాకు కూడా ఇస్తుంది. నా భయం అదీ.

వాది: ఆ సెక్షన్‌లో సగమే చదివారన్నా. సంస్థకు తెలుసా అని ఆగలేదు, తెలిసి ఉంటుందని అనుకోవడం సబబేనా అని కూడా అడగమంది. పట్నం నడిబొడ్డున, పోలీసులు రోజూ నిలబడే చౌరస్తాలో, కమిషనర్ బండి పోయే దారిలో ఎర్రదీపం వెలగట్లేదంటే అది తెలియలేదనడానికి ఎవరికి నోరొస్తుంది? నిజానికి చట్టమే ఈ పని ఎవరిదో ఒక్క మాటలో తేల్చలేదు. గుర్తులు పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి గాని, అది అధికారమిచ్చిన ఏ సంస్థకైనా గాని ఉంటుందని 116వ సెక్షన్ చెప్పి ఊరుకుంది. హైదరాబాద్‌లో వందల కూడళ్ల సిగ్నళ్లకు డబ్బు జీహెచ్ఎంసీ పెట్టింది, అమర్చింది బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్), నడిపింది ట్రాఫిక్ పోలీసులు. మహానగరంలోనే ఇన్ని చేతులు ఉన్నప్పుడు ఇక్కడి మనిషి ఒక్క గడప ఎలా పట్టుకుంటాడు? ఇంకొక్క మాట, నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యం. సరైన గడప పట్టుకోగలిగేది ఎవరు? ఫోన్లో వెతకగలిగినవాడు, ఆఫీసులో కుర్చీ దొరికేవాడు, సర్వీసులో ఎవరో ఒకరు తెలిసినవాడు. బీడీలు చుట్టే అమ్మ ఫిర్యాదులు తీసుకునే సోమవారం ప్రజావాణికి పోవాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి, బస్సు పట్టుకోవాలి, లైన్లో నిలబడాలి, తీరా వంతు వచ్చాక ‘ఇది ఆర్‌అండ్‌బీది, అటు పో’ అనిపించుకోవాలి. రోడ్డు నడిచి దాటేది ఎక్కువగా ఆమే. ఆమెకూ చౌరస్తాలో కారు ఆపి ఫొటో తీసి పంపేవాడికీ ఒకే షరతు పెడితే ఆ షరతు సమానమైనది కాదు. మీరు పట్టు అంటున్నది కొందరి చేతికే అందేది.

ప్రతివాది: ఆమె సంగతి నువ్వన్నది ఒప్పుకోక తప్పదు. ఆమెను తిప్పడం అన్యాయమే, ఆ మాట వరకు నేను నీ వైపే. చట్టంలో రెండో సగం నేను చెప్పకపోవడమూ సరికాదు. అయితే ఒక్కటి గమనించు. మనం ఇంతసేపూ రెండు వేర్వేరు పనులను ఒకటిగా కలిపి మాట్లాడుతున్నాం. ఆరిన సిగ్నల్ దగ్గర ఇప్పుడే, ఈ గంటలోనే, ఎవరూ గుద్దుకోకుండా చూడాలి. ఇది ఒకటి. దానికి 100కు గాని 112కు గాని ఫోన్ చేస్తే చాలు, కానిస్టేబుల్ వచ్చి చేత్తో బండ్లు నడిపిస్తాడు. ఒక వైపు ఎర్ర మాత్రమే ఆరిన చౌరస్తా అయితే మరీ తొందరగా చెప్పాలి. అన్నీ ఆరితే అందరూ జంకి నెమ్మదిగా పోతారు. ఒక్కటే ఆరితే, మిగతా వైపులవాళ్లు తమ పచ్చదీపాన్ని నమ్మి ముందుకు దూకుతారు. ఈ ఫోన్‌కు పరిధి తెలియాల్సిన పని లేదని ఒప్పుకుంటాను. జాతీయ రహదారి మీదైతే 1033 ఉంది. రెండోది మరమ్మతు. నా పట్టుదల అంతా దీని గురించే. దీనికి నేను వేరే రాష్ట్రం నుంచి ఉదాహరణ తేను, సెస్‌నే చూడు. 1970 నాటి సహకార సంఘం. కరెంటు వాడేవాళ్లే అందులో సభ్యులు, డైరెక్టర్లను ఎన్నుకునేదీ వాళ్లే, 2022 డిసెంబరులో కూడా ఎన్నికలు జరిగాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఎవరిని అడగాలో మన రైతుకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. సెస్ తనదని తెలుసు, డైరెక్టర్ ఓటు అడగడానికి వస్తాడని తెలుసు. ఆ మనిషి పెద్ద చదువులు చదవలేదు. గడప తెలుసుకోవడం పేదవాడికి అసాధ్యం అన్నావు చూడు, అక్కడ నీతో కలవలేను. గడప ఒక్కటై, అది ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటే అందరికీ తెలుస్తుంది.

వాది: సెస్ మాట బాగా తగిలిందన్నా. ఒక్క గడప, అందరికీ తెలిసిన గడప. అయితే అదే కదా నేను అడిగేది! సిగ్నల్‌కు అలాంటిది లేదు. లేనప్పుడు, ఉన్నట్టు నడుచుకోమని మనిషిని అంటున్నారు. నా వైపు లోపం కూడా చెప్పేస్తాను. అన్నీ ఒకేచోట తీసుకునే పద్ధతిలో ఫిర్యాదును పరిష్కరించకుండానే ‘పరిష్కారమైంది’ అని మూసేసే ప్రమాదం ఉంది. సంబంధిత శాఖకు పంపాం అన్న మెసేజ్‌తో ఆ ఆఫీసు లెక్కలో పని అయిపోతుంది, చౌరస్తాలో దీపం మాత్రం వెలగదు. అది నేను సమర్థించను. ఫిర్యాదు చేసినవాడు ‘అవును, వెలుగుతోంది’ అనేదాకా దాన్ని మూయకూడదు. కానీ పద్ధతి సరిగా ఉంటే పని జరుగుతుంది అనడానికి బయట దాఖలాలు ఉన్నాయి. బ్రిటన్‌లో మైసొసైటీ అనే సంస్థ 2007లో ఫిక్స్‌మైస్ట్రీట్ మొదలుపెట్టింది. మనిషి మ్యాపు మీద చోటు గుర్తుపెట్టి, ఏం పాడైందో రాస్తే చాలు. ఆ చోటు ఏ కౌన్సిల్‌దో అదే చూసుకొని వాళ్లకు పంపుతుంది, వచ్చిన ఫిర్యాదు అందరికీ కనబడేలా ఉంచుతుంది. న్యూయార్క్ 2003 నుంచి 311 అనే ఒక్క నంబరుతో ఈ పని నడుపుతోంది. వాళ్ల దగ్గరా శాఖలు బోలెడు. ఆ చిక్కును ఫోన్ చేసినవాడి నెత్తిన పెట్టలేదు, అంతే తేడా.

ప్రతివాది: ఆ మ్యాపు వెనక ఏముందో చూడు. ఏ రోడ్డు ఎవరిదో ముందే తేల్చుకున్నారు కాబట్టి అది పంపగలుగుతోంది. మన దగ్గర తేలనిదే అది. మున్సిపాలిటీ హద్దు పెరిగినప్పుడు రోడ్డు ఎవరి చేతికి వచ్చింది, సిగ్నల్ ఏ పద్దు కింద పెట్టారు, నిర్వహణ కాంట్రాక్టు ఎప్పటితో అయిపోయింది, ఇవన్నీ ఫైళ్లలో ఉంటాయి, ఒక్కచోట ఉండవు. ఇది తేల్చాల్సిన వేదిక మాత్రం ఉంది. కోయంబత్తూరు ఎముకల వైద్యుడు ఎస్. రాజశేఖరన్ వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2017 నవంబరు 30న ఇచ్చిన తీర్పులో ప్రతి జిల్లాకూ కలెక్టర్ అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీ ఉండాలని ఆదేశించింది. పోలీసు, రోడ్లు, మున్సిపాలిటీ, అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చునేది అక్కడే. సిరిసిల్ల, జగిత్యాల కలెక్టర్లిద్దరూ తమ జిల్లాల్లోని సిగ్నళ్లన్నిటికీ ఒక పట్టిక వేయించి, ఒక్కోదానికీ ఒక్క ఆఫీసును రాసిపెడితే మన తగువులో సగం తీరుతుంది. కానీ ఆ పట్టిక వేయమని అడిగేది ఎవరు? ఊళ్లోవాళ్లు అడగాలి. అడగాలంటే కమిటీ అని ఒకటి ఉందని, దానికి ఎవరు పెద్దో, వాళ్లను ఏం అడగవచ్చో తెలియాలి. మళ్లీ మనం గడప తెలుసుకోవడం దగ్గరికే వచ్చాం.

వాది: వచ్చాం, కానీ ఈసారి ఆ పని ప్రతి బాటసారిదీ కాదు. ఒక్కసారి కొందరు చేస్తే చాలు. పట్టిక వేసిన మర్నాడే ప్రతి సిగ్నల్ స్తంభానికీ, కంట్రోలర్ డబ్బాకూ ఒక రేకు కొట్టాలి. ఆ సిగ్నల్‌కు ఒక నంబరు, చూసుకునే ఆఫీసు పేరు, ఫోను, చదువు రాని వాళ్లకు కూడా అక్కరకొచ్చేలా పెద్ద అంకెలు. కరెంటు స్తంభాల మీద నంబర్లు రాసే పద్ధతి మనకు తెలియనిదేం కాదు. అప్పుడు బీడీలు చుట్టే అమ్మ కూడా ‘ఫలానా నంబరు సిగ్నల్’ అని చెప్పగలదు. సరైన గడప, తేలికైన దారి, రెండూ ఒక్క రేకు మీద పడతాయి.

ప్రతివాది: రేకు మంచి ఆలోచన, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఇన్నేళ్లుగా ఆ రేకు ఎందుకు పడలేదో కూడా ఆలోచించు. సిగ్నల్ పెట్టడానికి ఒక్కసారి డబ్బు దొరుకుతుంది, ప్రారంభోత్సవం కూడా జరుగుతుంది. ఏటేటా దీపాలు మార్చడానికి, బ్యాటరీకి, కంట్రోలర్ బాగుకు డబ్బు దొరకదు. పేరు రాసుకున్న ఆఫీసు ఆ ఖర్చు కూడా రాసుకున్నట్టే. అందుకే ఎవరికి వాళ్లు వెనక్కి తగ్గుతారు. డబ్బు లేని ఆఫీసు పేరు రేకు మీద కొడితే జనం ఫోన్ చేస్తూనే ఉంటారు, అక్కడి ఇంజినీరు (ఏఈ) పైకి రాస్తూనే ఉంటాడు, కాంట్రాక్టు రెన్యువల్ కాదు. ఆ ఏఈ చెడ్డవాడు కానక్కర్లేదు. ఫిర్యాదు వచ్చి పడాల్సిన చోటు ఆయన బల్ల కాదేమో, బడ్జెట్ వేసే కౌన్సిల్ సమావేశమేమో. అక్కడిదాకా పోవాలంటే ఊరికి తెలివిడి ఉండాలి, ఓపిక ఉండాలి. ఏ ఫోన్ నంబరూ ఆ పని చేసిపెట్టదు.

వాది: డబ్బు లేదన్నదే అసలు జవాబైతే, ఆ జవాబును ఒక ఆఫీసు సంతకం పెట్టి ఇవ్వాలి కదా. ఇప్పుడు అదీ లేదు. మాది కాదు అన్న మాటే అందరి దగ్గరా దొరుకుతోంది. మాదే, కానీ ఈ సంవత్సరం పద్దులో లేదు అని కాగితం మీద రాసిస్తే, ఆ ఒక్క కాగితంతో కౌన్సిల్‌నూ అడగవచ్చు, కలెక్టర్‌నూ అడగవచ్చు.

ప్రతివాది: ఆ సంతకం రాబట్టేదాకా నీకు తోడుంటాను. ఆ తర్వాత ఆ కాగితాన్ని పట్టుకొని కౌన్సిల్ మెట్లెక్కాల్సింది ఊరివాళ్లేనని మాత్రం ఇప్పటికీ అంటాను. ఆఫీసు చేతిలో పెడితే అది మళ్లీ ఏదో ఒక ఫైలులో చేరుతుంది.

వాది: సంతకం పెట్టిన ఆఫీసే దాన్ని ఐదు రోజుల్లో పైకి పంపాలి, నకలు ఫిర్యాదు చేసిన మనిషికి ఇవ్వాలి. ఊరివాళ్లు పోతే మంచిదే. పోలేనివాళ్ల చౌరస్తాలో కూడా దీపం వెలగాలి కదా అన్నా.